దినం విడిచి దినం

ఐదు గళ్లు. గడికీ గడికీ నడుమ ఒక్క ఖాళీ.
మొదలు నిమిషం, తర్వాత గంట, తారీఖు,
నెల, ఆఖరుకు వారం.
నక్కలగుట్ట ఆఫీసుల, ఏసీ గాలి తగలని మూలన
మూడేండ్ల సంది నేను చేసేది గిదే:
నిద్రల ఉన్నప్పుడు జరగాల్సిన పనులను
మెలకువల ఉన్నప్పుడు రాసిపెట్టుడు.

చుక్క పెడితే ఏదైనా సరే అని అర్థం.
ఏ నెలైనా సరే, ఏ వారమైనా సరే.
ఇంత ధారాళమైన గుర్తు
మా ఇంటి పంచాంగంల ఒక్కటి లేదు.

ఉర్సు గుట్ట కింది గల్లీలకు నల్లా నీళ్లు
దినం విడిచి దినం.
వచ్చే రోజు పొద్దుగాల ఐదింటికి
ఇంటింటి ఫోనుకు ఒక ముక్క పోవాలె:
ఇయ్యాల నీళ్లొస్తయ్.
సున్న. ఐదు. చుక్క వాలుగీత రెండు. చుక్క. చుక్క.
ఐదున్నర గంటలు వెనక నడిచే సర్వర్ గడియారాన్ని గూడ
ముందే సరిదిద్దిన.
ఇగ తప్పేముంటదని చాయ్ తాగొచ్చిన.

ఏప్రిల్ నెల సల్లగ గడిచింది.
మే ముప్పై ఒకటి. మెసేజ్ పోయింది, నీళ్లొచ్చినయ్.
జూన్ ఒకటి. మెసేజ్ పోయింది.
బిందెలు, డ్రమ్ములు, కడిగిన పెయింటు డబ్బాలు
ఎనిమిదింటి దాక వరసల నిలబడ్డయ్.
నల్లా కనీసం దగ్గలె.
జూన్ రెండు. ఫోన్లు సప్పుడు చెయ్యలె.
నీళ్లొచ్చి, ఎవ్వరూ లేక, మోరీలకు పోయినయ్.
యాకమ్మ అనే ఆమె నా నంబరు ఎట్ల పట్టిందో,
"నీ మెసేజుల బియ్యం కడగాల్నా?" అన్నది.

దినం విడిచి దినం అంటే యంత్రానికి తెల్వదు.
దానికి తెలిసింది ఒకటి, మూడు, ఐదు,
అట్ల పోయి పోయి ముప్పై ఒకటి,
దాని పక్కన మళ్ల ఒకటి.
నెల మారంగనే లెక్క మొదటికొస్తది.
నిన్న ఏం చేసిందో యాదికుండదు.
అమాసకు గడి లేదు, సంవత్సరానికి గడి లేదు,
రెండేండ్లకోసారి మేడారం జాతరకు
నీళ్ల వేళలు మారితే చేత్తోనే రాయాలె.
అవన్నీ నాకు ఎరుకే.
నిన్నకు గడి లేదని మాత్రం ఆనాడే చూసిన.

వాల్వు తిప్పే కొమ్రెల్లి దగ్గరికి పోయిన.
ట్యాంకు కింద రేకుల అర్ర, సైకిలు, బీడీ వాసన.
"తారీఖుతోని నాకేం పని బిడ్డా?
సుక్క పొడిసేయాల్లకు లేస్త.
తాళం ఎడమ మేకుకున్నదనుకో,
నిన్న కరీమాబాదుకు ఇచ్చినట్టు.
ఇయ్యాల ఉర్సుకిచ్చి, వచ్చి కుడి మేకుకు తగిలిస్త.
గంతే."
గోడకు రెండు మేకులు.
నడుమెత్తు ఇనుప తాళం.
ఇరవై రెండేండ్లు తప్పని లెక్క
సున్నం మీద తుప్పు మరకై జారి ఉన్నది.
నా చుక్క ఎప్పుడైనా సరే అంటది.
ఆయన చుక్క ఒక్కటే, తూర్పు దిక్కు.

ఆ రాత్రి తిరగరాసిన.
ఇప్పుడు నా పని రోజూ ఐదింటికి లేస్తది.
లేచి, చిన్న ఫైలు ఒకటి తెరిచి చూస్తది.
అందుల ఒక్కటే అక్షరం.
"ఎ" ఉంటే మెసేజ్ పంపి "కు" అని రాస్తది.
"కు" ఉంటే ఊకుండి "ఎ" అని రాస్తది.
ఫైలు పేరు మేకు.
ఇదేం పేరని టీమ్ లీడర్ నవ్విండు.
నేను చెప్పలే.

శ్రావణంల ఒకనాడు, నాలుగు నలభైకి ఫోను.
"పైపు పలిగింది. ఇయ్యాల తిప్పుతలేను.
తాళం ఎడమకే ఉంచిన.
నీ మేకు గూడ చూసుకో."
కండ్లు నులుముకుంట ఆ వరస ముందు
జల్లెడ గుర్తు ఒకటి పెట్టిన.
అది పెడితే యంత్రం ఆ వరసను
చూసీ చూడనట్టు దాటిపోతది.
ఐదైంది. ఎవ్వరి ఫోనూ మోగలె.

కిటికీ తెరిచి తూర్పుకు చూసిన.
అంతా మబ్బు.
చుక్క కనపడని రోజు ఆయన ఎట్ల లేస్తడో
ఈసారి పోయినప్పుడు అడగాలె.