మూడో మలుపు

నా పేరు ఎర్నాయుడు. పర్లాకిమిడిలో రేకుల షెడ్డు.
బోర్డు ఒరియాలో ఉంటాది,
తిట్లు తెలుగులో ఉంటాయి.

దీనబంధు మహరణా ఫియట్టు
మూడుసార్లు తాడు కట్టించుకుని వచ్చింది.
దున్నకొమ్ముతో కొంగలు సెక్కుతాడాయన,
బరంపురం తీసుకెల్లి అమ్ముతాడు.
ఊల్లో తిరిగినన్నాలూ దానికేటీ అవదు.
ఘాటీ ఎక్కిందా, మూడో మలుపు కాడ
దగ్గు నేదు, రొంప నేదు,
దీపం ఆర్పినట్టు ఆగిపోద్ది.
అరగంట కూకుంటే అదే లేస్తాది,
ఏటీ ఎరగనట్టు.

"దున్నల ఉసురు, నాయుడూ" అంటాడు మహరణా,
సగం మా బాస, సగం తన బాస.
"డిక్కీలో కొమ్ములున్నాయి కదా,
ఎనక నుంచి లాగుతున్నాయి."

నేను నవ్వనేదు.
కార్బరేటర్ ఇప్పి గోనె మీద పరిసాను.
జెట్టు ఎండకేసి పట్టి సూసాను:
సూదిమొనంత కన్నంలోంచి
సూరీడు నలత లేకండా కనబడ్డాడు.
ఫ్లోటు సెవి కాడ ఆడించాను, లోపల సుక్క సప్పుడు నేదు.
పంపు డయాఫ్రం మేకతోలంత మెత్తగా ఉంది.
ట్యాంకు మూత తీసి, పైపు నోట్లో పెట్టుకుని ఊదితే
అడుగున బుడబుడా.
రాత్రి అన్నం తింటే అన్నమూ పెట్రోలే.

ఎండకి గొట్టంలోనే ఆవిరైపోతంది కాబోలని
పంపు మీద తడిగుడ్డ కట్టి పంపాను,
జొరమొచ్చిన గుంట నుదుటికి కట్టినట్టు.
మూడో మలుపు కాడ
గుడ్డ తడిగానే ఉంది. కారు ఆగిపోయింది.

నాలుగోసారి నేనే పక్కన కూకున్నాను.
ఆగింది. దిగాను. బానెట్ లేపి
కడ్డీకి సిలైను సీసా తలకిందులుగా కట్టి
పెట్రోలు నింపాను, గొట్టం తిన్నగా కార్బరేటర్‌కే.
ఇంక పంపుతో పని నేదు, ట్యాంకుతో పని నేదు.

రెండు సుక్కలు రాలాయి. ఆగిపోయింది.
సీసా నిండుగా ఉంది. సుక్క నేదు.
ఊపాను, తట్టాను, అమ్మనా బూతులు తిట్టాను.

అప్పుడు గేపకమొచ్చింది.
నిరుడు పెద్దాసుపత్రిలో మా కోర్లమ్మ మంచం,
అర్ధరేత్రి సిలైను ఆగిపోతే
నేను వరండాలో నర్సమ్మ కోసం పరిగెట్టడం.
ఆవిడ ఆవలించుకుంటా వచ్చి
సీసా నెత్తిన ఇంకో సూది గుచ్చింది.
"కిందకి దిగాలంటే పైన గాలి ఎల్లాల కదా" అంది,
సెప్పులీడ్సుకుంటా ఎల్లిపోయింది.
(కోర్లమ్మ బాగానే ఉంది. ఇప్పుడు నన్నే తిడతాది.)

జేబులో పిన్నీసు తీసి సీసాకి గుచ్చాను.
సుక్క, సుక్క, ధార.
ఇంజను పలికింది.
నేను మాత్రం ఇంజనుకేసి సూడనేదు.
ఎనక్కి నడిసాను, ట్యాంకు మూత తిప్పాను.

హుస్...

నీట మునిగినోడు పైకి తేలి పీల్చినట్టు
కారంతా ఒక్క పీలుపు పీల్చింది.
ఇన్నాలూ మూత తీసి ఎతికాను నేను.
తీసిన ప్రతిసారీ జబ్బు నా సేతి కిందనుంచే పారిపోయేది.

మూతకున్న గాలికన్నం మీద
సెనగగింజంత మట్టి. కందిరీగ పని.
నేను గోరుతో గీకబోతే
మహరణా నా సెయ్యి పట్టుకున్నాడు.
కొమ్ము సెక్కే సూది తీసి
అంచు ఎంబడి తిప్పి, పగలకండా ఊడదీసాడు.
లోపల పచ్చపురుగు, ఇంకా కదలతంది.
"ఎంత నునుపు సూడు" అన్నాడు,
"ముద్దకి సేతిగుర్తే నేదు."
అద్దం పక్కన పెట్టుకున్నాడు దాన్ని.
నాలుగో మలుపు, అయిదో మలుపు,
దున్నలు ఒక్కటీ లాగనేదు.

"ఏటి మార్సావు?" అనడిగాడు డబ్బులు తీస్తా.
ఏటీ మార్సనేదు.
బిల్లు పుస్తకంలో ఏటి రాయాలో తెలక
గాలి అని రాసాను, ఎదర అంకె ఎయ్యనేదు.
ఓ కొంగ ఇచ్చాడు.
ముక్కు కొస ఇరిగిపోయింది దానికి,
అందుకే ఇచ్చాడు.