నోరు కదిలిన బొమ్మ

యశ్వంతపురం మార్కెట్ వెనక, మస్టర్ షెడ్డులో,
ఆదివారం పదకొండింటికి
సుంకులమ్మ బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుంది.
పచ్చ కోటు విప్పి, మడిచి, పక్కన పెట్టింది.
"ఇది కంట్రాక్టరుది సామీ. ఇది రాయొద్దు."

బొగ్గు చెక్కుకుంటూ నేను
గొప్ప మాటలేవో చెప్పాను:
వినబడని వాళ్ల కథ, ముఖం, న్యాయం.
టీగ్లాసులో పడ్డ చీమను చిటికెనవేలితో తీసి
ఆమె గోడ మీద వదిలింది.

తర్వాత మొదలుపెట్టింది.
మడకశిర నుంచి లారీలో వచ్చిన రాత్రి,
అప్పుడు కడుపులో ఉన్న గంగరాజు,
ఇప్పుడు వాడి బడి ఫీజు,
రాని మూడు నెలల జీతం,
వేలిముద్ర మిషను.
"చీపురు పట్టీ పట్టీ గీతలు అరిగిపోయినాయి గదా,
నేను ఎదురుగా నిలబడుకోనుంటే
నేను రాలేదంటాది."

కాగితం మీంచి కన్ను తీయకుండా అన్నాను:
"అమ్మా, కాసేపు మాట్లాడొద్దు.
నోరు కదిలితే గీత చెదురుతోంది."

ఆపేసింది.
ఎంత అలవాటుగా ఆపేసిందో
అప్పుడు నాకు తట్టలేదు.

గంటన్నరకు బొమ్మ అయింది.
నుదుటి మీద చెమట మెరుపు, మెడ మీద మూడు మడతలు,
ముక్కుపుడక కుదువకు పోయాక మిగిలిన రంధ్రం,
అన్నీ కుదిరాయి.
కొంచెం గర్వంగానే తిప్పి చూపించాను.

చాలాసేపు చూసింది.
"బాగుండాది నాయనా.
మేస్త్రీ ముందర నిలబడుకున్నట్టే ఉండా."

షెడ్డు రేకు మీద కాకి నడిచిన చప్పుడు.

కొత్త కాగితం బిగించాను.
"చెప్పమ్మా" అన్నాను.
ఎక్కడ ఆపిందో ఆమెకు గుర్తుంది. నాకు లేదు.
మొదటినుంచీ చెప్పించుకున్నాను.
పెదవులు ఒకదాని మీద ఒకటి నాలుగు చోట్ల పడ్డాయి.
దవడ ఒకచోట నిలవలేదు.
చెల్లెలి మొగుడు మ్యాన్‌హోల్లోకి దిగిన చోట
బొగ్గు విరిగింది.
ముక్కతోనే గీశాను, వీధిలైట్లు వెలిగేదాకా.

సంతకం నేను పెట్టలేదు.
బొటనవేలు బొగ్గుపొడిలో అద్ది
కాగితం మూలన ఆమే నొక్కింది.
గీతలు లేని నల్లటి గుండ్రం.
"ఈడన్నా నేను వచ్చినట్టేనా?"

మల్లేశ్వరం హాల్లో బొమ్మ వేలాడదీసిన రోజు
మేనేజరు దూరంగా నిలబడి చూశాడు,
దగ్గరికొచ్చి చూశాడు.
నోరు సరిగా రాలేదేమో అన్నాడు.
మూలన ఏదో మరక పడింది,
తుడవడానికి మనిషిని పిలుస్తానన్నాడు.

ఏ మనిషిని, అని అడిగాను.