రైలు దిశలో నడిచే మనిషి

'అ' అనే ఊరి నుంచి ఒక రైలు బయలుదేరింది.
'ఆ' అనే ఊరి నుంచి ఇంకొకటి.
ఒకటి గంటకు అరవై, ఒకటి నలభై.
ఎక్కడ కలుస్తాయో చెప్పండని
దొరస్వామి సారు సుద్దముక్క చెవి సందున పెట్టుకున్నాడు.

పాకాల, ఏడో తరగతి, బి సెక్షను.
కిటికీ అవతల కాట్పాడి ప్యాసింజరు
ముప్పావు గంటగా నిలబడే ఉండాది.
దిగినోళ్ళు బోండాలు తిని, చెయ్యి కడిగి,
ఎక్కి, మళ్ళా దిగి, బీడీ ముట్టించినారు.

నేను లేచినా.
"కలవవు సార్. ఉండేది ఒకటే లైను.
ఒకదాన్ని పనపాకం లూపులో పెడతారు.
మా నాయన చెప్పినాడు."

సారు కొట్టలేదు.
నా నోటుబుక్కులో ఒక సున్నా చుట్టి,
పక్కనే ఇంకో సున్నా చుట్టి,
"చక్రాలు ఇచ్చినా, తోసుకుంటా పో" అన్నాడు.

నేను బడి గేటు దాటే లోపల ఆ మాట ఊరు దాటేసింది.
మంగలి షాపులో దిగి, మామిడి మండీలో ఎక్కి,
దామలచెరువు లారీలతో తిరిగింది.
పెళ్ళిలో మైకు దొరికితే మా చినమామ:
"వరుడు పీలేరు నుంచి గంటకు ముప్పై,
వధువు పూతలపట్టు నుంచి గంటకు పది,
బ్యూటీ పార్లరు హాల్టు కలుపుకొని
ముహూర్తానికి ఎక్కడ కలుస్తారు?"
"బంతి కాడ!" అని జనం.
ఇప్పుడు ఫోన్లలో:
రైల్లో ఐదొందల తోతాపురి కాయలుంటే
డ్రైవరు వయసెంత?
మా అక్క కొడుకు నాకే పంపుతాడు,
డ్రైవరు నేనే అని తెలిసి.

నవ్వుతాను. నిజంగానే నవ్వొస్తుంది.
ఆ లెక్కల రైల్లో టీ అమ్మేవాడు లేడు,
గుండు మీద గంధం ఆరని చంటోడు లేడు.
చైను ఎవరూ లాగరు, ఎనుము అడ్డం రాదు.
పొడవు తెలుసు, పేరు తెలీదు.
స్తంభాన్ని దాటుతుంది, ప్లాట్‌ఫారాన్ని దాటుతుంది,
ఎవరి ఊరూ చేరదు.

ఒక్క లెక్కకే నాకు నవ్వు రాదు.
"రెండువందల నలభై మీటర్ల రైలు, వేగం గంటకు అరవై.
అదే దిశలో గంటకు ఆరు చొప్పున నడుచు మనిషిని
ఎంతసేపట్లో దాటును?"
పదహారు సెకన్లు.
సారు నాకిచ్చిన మొదటి రైటు గుర్తు అదే.
ఆ మనిషి పట్టాల పక్కన ఎందుకు నడుస్తాడని
క్లాసులో ఒక్కరూ అడగలేదు.
నేనూ అడగలేదు,
నాకు తెలుసు గనక.

మా నాయన చెంగల్రాయులు, కీమ్యాన్.
భుజాన సుత్తి, స్పానరు, చంకలో చుట్టిన ఎర్రజెండా.
తెల్లారకముందే పాకాల వదిలి
వదులైన కీలు కొట్టుకుంటా పోయేవాడు.
ఆయనకు దూరం కిలోమీటర్లలో లేదు, చెప్పుల్లో ఉండేది:
ఏడాదికి ఐదు జతలు,
వానలెక్కువైతే ఆరు.

మొన్న తిరుపతిలో సారు ఇంజను కాడికే వచ్చినాడు,
చేతికర్ర, మందుల సంచి.
"ఎన్నింటికి కదులుతుంది పాపా?"
"సిగ్నలిస్తే సార్."
"ఇది సిలబస్‌లో లేదే" అని నవ్వి,
వేలితో గాల్లో రెండు సున్నాలు చుట్టి,
మూడో బోగీ వెతుక్కుంటా పోయినాడు.

చంద్రగిరి దాటినాక వంపులో
నారింజ రంగు చొక్కా ఒకటి కనిపించింది.
హారను కొట్టినా.
పుస్తకంలో మనిషి నడుస్తానే ఉంటాడు.
ఇతను కంకర దిగి, సుత్తి నేలకానించి,
నా వైపు చెయ్యెత్తి నిలబడినాడు.
నిలబడితే పదహారు కాదు,
పద్నాలుగు పాయింటు నాలుగు.

కిటికీలోంచి వెనక్కి చూసినా.
మళ్ళా నడక మొదలుపెట్టినాడు.