చూరు నీళ్ళు

ఇంజనీరు కుర్రాడు ఫోను మీద వేలు జరుపుతుంటే
ఇళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లిపోతున్నాయి.
గాజు పిట్టగోడల బాల్కనీ,
బూడిదరంగు గోడకి నిలువునా చెక్కపట్టీలు.
"ఇది మోడరన్ అమ్మా, ఇది కేరళ టైపు, ఇది డూప్లెక్సు."
సాలూరు టైపు ఏదీ అన్నాను.
నవ్వాడు. నేను నవ్వలేదు.

లారీ బాడీలకు రంగులేసే సంసారం మాది.
ఎనభై ఆరులో పెంకులు దించి స్లాబు పోశారు,
గోడలు మాత్రం అంతకు ముందువే:
సున్నం, వేగావతి ఇసుక, బెల్లం నీళ్ళు.
గది వెనక గది, దాని వెనక గది.
నడిమి గదిలో పగలు పన్నెండింటికి కూడా
సూదిలో దారం ఎక్కాలంటే లైటు వెయ్యాలి.
వీధిలో సగం రవికెలు
ఆ ట్యూబులైటు కిందే కుట్టాను.
కళ్ళజోడు నంబరు మూడుసార్లు మారింది,
గది మారలేదు.

మా ఆయనకి పైన ఇంకో అంతస్తు కావాలి.
రోడ్డు మీద పోయే ప్రతి డ్రైవరూ తలెత్తి చూడాలట.
లచ్చుంనాయుడు మేస్త్రి గోడ మొదట్లో గునపం దించాడు.
మోకాలి లోతు పోలేదు, రాయి అయిపోయింది.
మట్టి అరచేతిలో నలిపి,
"పెంకులు మొయ్యడానికేసిన పునాది బావు ఇది.
స్లాబు మోస్తంది, అది దాని మంచితనం.
ఇంకా ఎక్కితే ఒప్పుకోదు."
ఆ రాత్రి మా ఆయన అన్నం సగంలో లేచాడు.

అయితే నాకో కిటికీ పెట్టించండి, అన్నాను.

ఉత్తరం గోడని మేస్త్రి తాపీ పిడితో కొట్టుకుంటూ పోయాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
ఠక్, ఠక్, ఠక్. ఒకచోట డబ్బుమంది.
"ఇక్కడ పాత కిటికీ ఉందమ్మా. ఎవరో మూసీసారు."

ఎవరో కాదు. మా అత్తగారు.
మా చూరు నీళ్ళు వాళ్ళ గోడ తడిపేస్తున్నాయని
దాలమ్మ అత్తకీ మా అత్తకీ పెద్ద రభస అయిన ఏడు
పంతం పట్టి ఇటుకలు పేర్పించిందట.
ఇద్దరూ పోయారు.
పెంకులు పోయాయి, చూరే పోయింది,
వాన నీళ్ళు గొట్టంలో పడి మా వాకిట్లోకే దిగుతున్నాయి.
దాలమ్మకీ నాకూ గొడవ లేదు, మాటా లేదు.
అంతా అయిపోయిందని
ఆ గోడకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఇటుకలు ఊడాయి.
గుగ్గిలం చట్రం, మూడు ఊచలు. చెద ముట్టలేదు.
బారెడు సందు. అవతల దాలమ్మ వంటిల్లు.
చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆగింది.
దుమ్ము వాళ్ళ పులుసులో పడుతుందని
కొంగు అడ్డం పట్టాను, ఇటునుంచి,
అదేదో ఆపుతుందన్నట్టు.
ఆమె మూత వెతికి గిన్నె మీద పెట్టింది.
అప్పుడంది,
"ఓలమ్మో, మీ మిషను చప్పుడేటి అది!
ఇన్నాళ్ళూ మా గోడకి పురుగు పట్టిందనుకున్నాను."

వాళ్ళదీ ఒక్క అంతస్తే, మాదీ ఒక్కటే.
అందుకే సందులోకి ఇంకా ఆకాశం దిగుతోంది.

రెక్కలు ఇంకా బిగించలేదు.
వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు, ఏ ఆదివారమో అనలేదు.
మా ఆయన మిగిలిన డబ్బుతో రంగులు కొనుక్కొచ్చి
పిట్టగోడ మీద లారీ నెమళ్ళు రెండు వేస్తున్నాడు.
ఒకదాని మెడ వంకరొచ్చింది. నేను చెప్పలేదు.
ఆ ఇంటి తాలింపుకి నాకు తుమ్ములు,
నా మిషనుకి ఆమెకి పగటి నిద్ర లేదు.
ఈ పొద్దున లైటు వెయ్యకుండా ఎర్రదారం ఎక్కించాను,
మొదటిసారికే.
కాదు, రెండోసారికి.