రెండో పూత

మాడుడు వేరు, కములుడు వేరు.
అన్నం మాడుతది, వెంట్రుక కములుతది,
మోటరు మాత్రం ఉత్తగ "పోతది".

కల్వకుర్తిల అచ్చంపేట రోడ్డు మీద
మా నాయిన వైండింగు దుకాణంల
నా ముక్కు చదువుకున్న చదువు ఇదే.
ఎండకాలం వచ్చిందంటే ఓల్టేజి పడుడు,
ట్రాక్టర్ల మీద పీనుగుల లెక్క మోటర్లు దిగుడు.
మూత ఇప్పకముందే
నూనె కాలిందా, తీగె కాలిందా చెప్పేదాన్ని,
ఎనిమిదో తరగతిల.

ఇప్పుడు ఆ ముక్కుకు యూనిఫారం ఉన్నది.

శంషాబాద్‌ల లేచి పన్నెండు నిమిషాలు.
కోయంబత్తూరు పోయే పొద్దుగాల ఫ్లైటు.
కింద జడ్చర్ల దాటిందో, పాలమూరే వచ్చిందో,
బెల్టు లైటు ఇంక ఆరలే.
పంతొమ్మిదో వరుస కాడ తగిలింది
సన్నగ, తియ్యగ, గొంతుల గీరినట్టు.

వెనక గ్యాలీలకు పోయి ఓవెన్ బందువెట్టిన.
లల్‌పుయి ఏం అడగలే. నా మొఖం చూసి
పొగతొడుగు గుంజింది,
సిలిండరు పిన్ను మీద వేలు వెట్టింది.
బాత్రూంల చెత్తడబ్బ తెరిచిన. తడి కాయితాలు.
ఫోన్ల కెప్టెను: పొగ ఉన్నదా? రంగేంది? ఎంతసేపట్నించి?
పొగ లేదు సార్. వాసన మాత్రమే.
రెండు నిమిషాలు చూడు. తర్వాత వెనక్కి తిప్పుత.

నవ్వును మొఖానికి అట్లనే ఉంచి
పై అరల మూతలకు చెయ్యి వెనక భాగం ఆనించుకుంట నడిచిన.
"అరచెయ్యి పెట్టొద్దు బిడ్డా,
కరెంటుంటే పిడికిలి బిగుసుకపోతది, ఇడువది."
ట్రైనింగుల గూడ చెయ్యి వెనకనే అన్నరు, వేడి గురించి.
కొత్తగ విన్నట్టు తలూపిన.

ఇరవై ఒకటి. సల్లగ.
ఇరవై రెండు. సల్లగ.
ఒకామె కొంగు ముక్కుకు అడ్డంపెట్టి: "ఏమన్న కాలుతున్నదా అమ్మా?"
"చూస్తున్నం మేడం." అబద్ధం గాదు.

ఇరవై మూడు. మూత సల్లగనే ఉన్నది,
తెరవంగనే ముక్కుపుటాలు ఇచ్చుకున్నయ్.
పత్తి ఇత్తనాల సంచి, సుతిలితోని కట్టింది.
కాలుతున్న వాసన గాదు.
కాలిన వాసన.

ఎవరిది ఇది?
కిటికి కాడి పెద్దమనిషి లేవబోయి
బెల్టు గుంజితే మళ్ల కూలవడ్డడు.
"నాదే బిడ్డా. కుర్మయ్యను, తిమ్మాజిపేట.
బాయి మోటరు లోపలి తీగెలు.
ఫోటో పంపితే కంపెనోడు నమ్మలే.
మొఖాన ఏద్దామని తీస్కపోతున్న."

నవ్వొద్దు. నవ్వలే.
సంచిని గ్యాలీల ఇనుప డబ్బల పెట్టి
లల్‌పుయిని కావలుంచి కెప్టెనుకు చెప్పిన:
ఎప్పుడో కాలింది సార్, ఇప్పుడు చల్లటిది. ముందుకే పోదాం.
ఖాయమా?
ఆ ఒక్క మాట మీద నూటెనభై మంది కూసున్నరు.
మళ్ల ముట్టి చూసిన, చెయ్యి వెనకతోని.
ఖాయం.

మూత వెయ్యబోతుంటే కనవడ్డది.
నల్లవడ్డ రాగి గుత్తి, గుత్తి మెడల దారం.
దారం సగం కాలింది, ముడి కాలలే.
ఎడమకు తిరిగి, రెండు సుట్లు, తోక లోపలికి.
పాలమూరు మొత్తంల
ఎడమచేతి మెకానిక్కులు ఎంతమంది ఉంటరు?

నీళ్లిస్తుంటే కుర్మయ్య చెప్పుకొచ్చిండు:
"ఎవడో ఊరి మెకానిక్కు తిరిగి చుట్టిండట, వాళ్లకు పూచీ లేదట.
ఆయన మంచోడే బిడ్డా. సగం పైసలు ఇప్పటికీ అడగలే.
రెండు నెల్లు నడిచింది.
తర్వాత ఎకరంనర మిర్ప తోట..."
మిగిలింది గిలాసల పోసుకొని తాగిండు.

రిపోర్టుల రాసిన: వాసన. ప్రయాణికుని సంచి. మంట లేదు.
ముడి సంగతికి అందుల గడి లేదు.

దిగినంక ఫోను చేసిన.
అవతల చుట్టే యంత్రం గిర్రుమంటున్నది.
"ఏం బిడ్డా, దిగినవా?"
"దిగిన. నాయినా,
వార్నిషు రెండు పూతలు ఏస్తున్నవా ఇప్పుడు,
ఒక్కటేనా?"

యంత్రం ఆగింది.