ఆరంగుళాల తెలుపు

ఉల్లికి పెద్దక్క, వెల్లుల్లికి మేనత్త.
మా డర్హమ్ గని ఊళ్ళో మాత్రం
లీక్ అంటారు, అంతే.
ఆ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు,
పక్క తోటలో థర్ల్‌వెల్ వింటాడని.

మా ఆయన కథ్‌బర్ట్
పగలు భూమి కింద మూడడుగుల సందులో
పక్కకి ఒరిగి పడుకుని బొగ్గు తవ్వేవాడు.
సాయంత్రం అదే భూమి మీద మోకరిల్లి
కాడ చుట్టూ మట్టి ఎగదోసేవాడు.
ఎండ తగలని చోటే తెలుపు పడుతుందే,
కావాలంటే నా వీపు చూడు, అనేవాడు.

మొక్కకి ఏం పోస్తాడో నాకూ చెప్పలేదు.
గొర్రె పెంటికలు నానేసిన నీళ్ళని తెలుసు,
వాసన దాగదు కదా.
క్లబ్బు నుంచి సగం సీసా బీరు
ఎవరి కోసం మిగిల్చి తెచ్చేవాడో కూడా తెలుసు.
పెళ్ళిరోజు ఆరుసార్లు మర్చిపోయాడు.
క్రిస్మస్ మర్నాడు విత్తనం వెయ్యడం
ఒక్కసారీ మర్చిపోలేదు.

సెప్టెంబరు వస్తే కత్తి భయం.
రాత్రికి రాత్రి ఎవడో దూరి
పందెం కాడలన్నీ నరికి పోతాడు.
రెండు వారాలు రేకుల కొట్టంలోనే పడక:
కంబళి, లాంతరు, మా తమ్ముడి చెవిటి కుక్క.

బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు
ఎడారి మధ్యలో లీక్ కూర తలుచుకుని
ఏడ్చారని చాపెల్లో చెప్పినప్పుడు
ఆమెన్ అన్నాడు, పైకే.
అతని నోట ఆ మాట విన్నది అదొక్కసారే.

ఎనభై నాలుగు. సమ్మెకి ఆరు నెలలు.
రొట్టె అప్పు కూడా పుట్టని వారం.
పోటీకి రెండు రోజుల ముందు
హాలు వంటగదిలోకి వచ్చాడు
చంటిపిల్లని మోసినట్టు మోసుకుంటూ.
దాని నడుము నా రెండు చేతులకీ అందలేదు.
నాకివ్వు, నేను తరుగుతా అన్నాను.
వద్దన్నాడు.
ఏ కత్తికి కాపలా కాశాడో
ఆ కత్తి తనే పట్టాడు.

పొర పొరా విప్పి కడిగాం.
బార్లీ, బంగాళదుంప, ఎవరో ఇచ్చిన పంది ఎముక.
నూటనలభై గిన్నెలు.
నిజం చెప్పాలంటే రుచి లేదు,
పందెం కాడలు ఒట్టి నీళ్ళ కాడలు.
థర్ల్‌వెల్ మాత్రం రెండోసారి పోయించుకుని
గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.
అడిగితే, కొలుస్తున్నా అన్నాడు.

ఇప్పుడు ఫెన్విక్ నర్సమ్మ వచ్చి
రక్తం పలచన చేసే మాత్ర ఇచ్చి
ఆకుపచ్చ భాగం తగ్గించమంటుంది,
అందులోని కె విటమిన్ మాత్రకి అడ్డమట.
తెలుపో? తెలుపు పరవాలేదట.

ఆదివారం సన్నకాడలు తెస్తాను.
ఎద్దు కొవ్వు కలిపిన పిండిలో చుట్టి
గుడ్డ కట్టి మూడు గంటలు ఆవిరి పెడతాను.
తెలుపు అతనికి, ఆకు నాకు.

ఎంత కడిగినా ఏదో పొరలో
కాస్త మట్టి దాక్కుంటుంది.
పంటి కింద కరకరమంటే
నావైపు చూస్తాడు.
నేను కిటికీవైపు చూస్తాను.