పంటి బిగువు

చలికాలం బ్ర్నోలో సర్కస్ గుడారం ముడుచుకుని పడుకుంటుంది.
గుర్రాలకు కళ్లేలు కుట్టే ఈ చేతులతోనే
ఓటీలియా నోటికి తోలు కుట్టేవాణ్ణి.

వేడినీళ్లలో నానబెట్టి ఇస్తే
కళ్లు మూసుకుని కొరికేది.
అది చల్లారేదాకా మాట ఉండదు.
కొట్లో గోడగడియారం, పొయ్యి, మేమిద్దరం.

ఊరి గోడలమీద ఆమె పారిస్ సీతాకోకచిలుక.
పారిస్ మొహం ఎరగదు.
జమాఖర్చుల పుస్తకంలో
ఆరు గుర్రాలకూ ఆరు పేర్లున్నాయి.
ఆమె వరసలో మాత్రం
"గాలి ఆట, ఆడమనిషి, ఒకటి."

నా సొరుగులో పదమూడేళ్ల తోలుముక్కలున్నాయి.
పెళ్లయిన ఏడాది గాటు లోతు.
బిడ్డ పుట్టిన ఏడాది కుడివైపు ఒక పన్ను తక్కువ.
కష్టాన్ని పంటి బిగువున ఓర్చుకోవాలంటారు లోకులు.
ఆమె ఆ బిగువుతోనే ఇంటద్దె కట్టింది,
అత్తకు దగ్గుమందు కొంది.

ఈసారి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది, బోజెనాని.
పాలపళ్లు నిన్నగాక మొన్న ఊడిన పిల్ల.
"కొలత తీసుకోండి" అంది,
రొట్టెముక్క చారులో నానేదాకా ఆగి తింటూ.
తోలు ఇంకా మెత్తబడలేదని అబద్ధమాడాను.

"పైనుంచి జనం ఎలా కనబడతారమ్మా?"
అడిగింది పిల్ల.

"కనబడరు. తల వెనక్కి వాలిపోతుందిగా.
గుడారం కప్పు కనబడుతుంది,
దానికో మాసిక."
నావైపు తిరిగింది.
"మీరు వేసిందే.
పదమూడేళ్లుగా చూస్తున్నాను,
కుట్లు వంకరపోయాయి."